నా పద్నాలుగు సెకన్లు

నేను సోషల్ మాస్టారిని. పాతికేళ్ళు పైబడి పిల్లలకు అక్షాంశాలు, రేఖాంశాలు, నదులు, రాజవంశాలు చెబుతున్నాను. అలాంటివాణ్ణి ఉన్నట్టుండి మీడియా మాస్టారినయ్యానంటే దానికి కారణం తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే పొద్దుటి రైలు.

ఆ రైల్లో కిటికీ పక్కన కూర్చుని, ఊసుపోక, ఫోన్లో ఒక పువ్వు బొమ్మ మీద "శుభోదయం" అని రాసి మా స్కూలు గ్రూపులో పెట్టేవాణ్ణి. మంగళవారం ఆంజనేయుడు, శనివారం వెంకటేశ్వరుడు, తక్కిన రోజుల్లో చామంతులు. ఆదివారం రైలు లేకపోయినా ఇంట్లోంచే ఒక కాఫీ కప్పు పంపేవాణ్ణి. వేమూరులో మొదలుపెడితే భట్టిప్రోలు వచ్చేసరికి బొమ్మ గ్రూపులో పడేది. ఎవరూ చూడరనే అనుకున్నాను. మా హెచ్చెమ్ మేడమ్ రోజూ చూస్తోందని నాకు తెలియదు.

మా హైస్కూలు రేపల్లెలో రైలు దిగాక ఆటోలో అరగంట, సముద్రం వైపు. తొమ్మిదో తరగతి పిల్లలు మామూలు సబ్జెక్టులతో పాటు పని నేర్పే చదువు కూడా ఒకటి చదవాలని పైనుంచి రెండు కోర్సులు వచ్చాయి. ఒకటి కంప్యూటర్, రెండోది మీడియా. ఎవరికి కావలసింది వాళ్ళు ఎంచుకోవాలి. కంప్యూటర్ చెప్పడానికి ఇంజనీరింగ్ చదివిన ఒక అమ్మాయి వచ్చింది. మీడియా చెప్పడానికి రావలసిన ఆయన కూడా వచ్చాడు. వచ్చి, ఊరు చూసి, మంచినీళ్ళు తాగి, రేపల్లెకి మళ్ళీ ఆటో ఎప్పుడుందని అడిగి వెళ్ళిపోయాడు. ఆయన తాలూకు సామాను మాత్రం స్టాఫ్ రూములో ఉండిపోయింది. ఒక వీడియో కెమెరా, మూడుకాళ్ళ స్టాండు, ఒక మైకు.

"కొత్తాయన వచ్చేదాకా మీడియా మీరు చూసుకోండి మాస్టారూ," అంది హెచ్చెమ్ మేడమ్.

"నాకు కెమెరా పట్టుకోవడమే రాదండి."

"అదేంటండి, రోజూ గ్రూపులో అన్నేసి బొమ్మలు పెడుతున్నారు కదా. అది మీడియా కాదా?"

కాదంటే మర్నాటి నుంచి బొమ్మలు మానేయాలి. వాటి మీద నాకు కాస్త అభిమానం. అందుకని నోరు మూసుకున్నాను, కొత్తాయన ఇప్పటిదాకా రాలేదు.

కోర్సు ఎంచుకునే రోజు ప్రార్థన అయ్యాక మేడమ్ తొమ్మిదో తరగతిని నిలబెట్టి, కంప్యూటర్ కావలసినవాళ్ళు మెట్ల వైపు, మీడియా కావలసినవాళ్ళు కుళాయి వైపు వెళ్ళమంది. క్లాసు క్లాసంతా మెట్ల వైపు కదిలింది. కుళాయి దగ్గర నేనూ, మూడుకాళ్ళ స్టాండూ మిగిలాం. పిల్లలది తప్పు కాదు. కంప్యూటరంటే ఏసీ గది, ఉద్యోగం అని ఇళ్ళలో చెప్పి పంపారు. మీడియా అంటే సినిమాలనీ, పిల్లలు పాడైపోతారనీ కూడా చెప్పి పంపారు.

అప్పుడు ఒక అమ్మాయి మెట్ల వైపు నుంచి బయటికొచ్చి, గ్రౌండు మధ్యగా నడుచుకుంటూ నా దగ్గరికొచ్చి నిలబడింది. రెండు జడలు, రిబ్బన్లలో ఒకటి ఊడిపోయి ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక్కరే ఉంటే బాగుండదని ఆ రోజు బడికి రాని ఆరుగురిని కూడా మేడమ్ నా లిస్టులో రాసేసింది. మీడియా కోర్సు అలా ఏడుగురితో మొదలైంది. అందులో ఆరుగురికి ఏ కోర్సులో ఉన్నారో మర్నాడు గానీ తెలియలేదు.

"నువ్వెందుకొచ్చావే ఇటు?" అని ఆ అమ్మాయినడిగాను.

"మా అక్క పెళ్ళి వీడియోలో నేను లేను సార్," అంది.

పెళ్ళికి నీళ్ళ బిందెలు, విస్తళ్ళు మోసే పని ఈ పిల్లకు పడింది. వీడియో ఆయన ఎప్పుడు ఎటు తిప్పాడో, ఈమె ఎప్పుడు ఎటు పోయిందో, ఎక్కడా పడలేదు.

"మూడు గంటల వీడియో సార్. నాలుగుసార్లు చూశా. ఒక దగ్గర మోచెయ్యి కనపడిద్ది. అది నాదే అనుకుంటన్నా."

ఇది నవ్వే సంగతి కాదు. మా వైపు వీడియో అంటే పెళ్ళి వీడియోనే, దానికొక ధర్మం ఉంది. వచ్చినవాళ్ళలో ఒక్కరు కూడా తప్పిపోకూడదు. పందిట్లో అడుగుపెట్టిన ప్రతివాళ్ళూ కెమెరాలోకి చూస్తూ ఒకసారి నిలబడాలి, అన్నం తింటుండగా ఇంకొకసారి పడాలి. తెనాలిలో మా బావమరిది గృహప్రవేశం వీడియోలో మా ఆవిడ మేనత్త ఒక్క ముక్కలో కూడా లేదని తేలాక ఆవిడ రెండేళ్ళు ఆ ఇంటి గడప తొక్కలేదు. సత్యనారాయణ వ్రతం పూర్తిగా ఉంది, మేనత్త లేదు. వ్రతం చేసిన పుణ్యం కూడా ఆ రెండేళ్ళూ ఎవరికీ గుర్తు రాలేదు.

మర్నాడు ఆ అమ్మాయి తండ్రి బడికొచ్చాడు. బోటు మీద వేటకెళ్ళే మనిషి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు గానీ మాట మాత్రం సూటిగానే ఉంది.

"కంప్యూటరైతే ఎక్కడో ఒకచోట కుర్చీలో కూర్చునిద్దండి మేష్టారూ. ఇదేంటండి, కెమెరా ఏసుకుని పెళ్ళిళ్ళెమ్మట తిరగటమా?"

"అదొక్కటే కాదండి, చాలా ఉంటాయి," అన్నాను. ఏముంటాయో నాకే తెలియదు.

"సరేనండి. ఏడాది ఆఖర్న ఏం నేర్చిందో నాకు చూపియ్యండి. చూసి, పనికొచ్చిద్దనిపిస్తే పదోక్లాసులో కూడా ఇందులోనే ఉంచుతా. లేదంటే మీరే కంప్యూటర్లోకి మార్చెయ్యాలి."

ఆ పిల్ల తండ్రి వెనక నిలబడి నా మొహంలోకి చూసింది. నాకేదో తెలుసని అనుకుంది పాపం.

ఏమీ తెలియకుండా ఎలా చెబుతానని మేడమ్ నన్ను బాపట్లలో మూడు రోజుల ట్రైనింగుకు పంపింది. నలభై మంది మాస్టార్లం, ఒక కెమెరా. వరసలో కెమెరా నా దాకా వచ్చేసరికి బ్యాటరీ అయిపోయింది. భోజనాలు మాత్రం బాగున్నాయి. మూడోరోజు గ్రూపు ఫొటో తీస్తే రేపల్లె వైపు నుంచే వచ్చిన ఒక పొడుగాటి డ్రాయింగ్ మాస్టారి వెనక నేను పూర్తిగా మునిగిపోయాను. ఆయన్ని కాస్త పక్కకు జరగమని నేను రెండుసార్లు చెప్పాను కూడా. ఆ ఫొటో మా ఇంట్లో ఉంది, నేను లేను. ఇప్పటికీ ఆయన కనపడితే నేను పలకరించను.

బాపట్లలో నేర్చుకున్న వాటిలో రెండు గుర్తున్నాయి. సూర్యుడికి ఎదురుగా కెమెరా పెట్టకూడదన్నది ఒకటి. అవసరం లేనిది తీసేయడమే ఎడిటింగ్ అన్నది రెండోది. ఈ రెండో మాట నాకెంత నచ్చిందంటే, నోట్సులో రాసుకుని కింద రెండు గీతలు గీసి, వచ్చిన మర్నాడే క్లాసులో బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించాను. ఏడుగురి చేతా మూడేసిసార్లు చదివించాను.

సంక్రాంతి సెలవులు అయ్యాక ప్రాజెక్టు వచ్చింది. పిల్లలంతా కలిసి తమ ఊళ్ళో జరిగే ఒక పని మీద ఐదు నిమిషాల వీడియో తియ్యాలి. ఐదంటే ఐదే, సెకను దాటినా మార్కులు పోతాయి. పరీక్ష పెట్టడానికి బాపట్ల నుంచి ఆఫీసరు వస్తారు. అదే రోజు తల్లిదండ్రులను కూడా పిలుద్దామని మేడమ్ తీర్మానించింది. ఆ అమ్మాయి తండ్రి చూస్తానన్న రోజు అదన్నమాట. మిగిలిన ఆరుగురికి ఇది ఒక పరీక్ష. ఈమెకు మాత్రం వచ్చే ఏడాది కెమెరా ముట్టుకుంటుందో లేదో తేలే రోజు.

విషయం తనే తెచ్చింది. పడవలు రేవుకు రావడం, చేపలు దించడం, వేలం పాట, మిగిలినవి ఎండబెట్టడం. ఏది ముందు, ఏది వెనక కాగితం మీద గీసుకుంది కూడా. నేను తలాడించాను.

రేవుకు వెళ్ళేసరికి చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు.

"ఎండుచేపల దగ్గర పట్టుచీరలేంటమ్మా?" అన్నాను.

"వీడియో అన్నారు కదా మేష్టారూ," అంది ఒక పెద్దావిడ, నాకు ఆ మాత్రం కూడా తెలియనందుకు జాలిపడుతూ.

వేలం పాట పాడే ఆయన మామూలుగా గొంతెత్తితే అవతలి ఒడ్డుకు వినపడుతుంది. కెమెరా ముందు మాత్రం చేతులు జోడించి నోరు విప్పకుండా నిలబడ్డాడు. ఐసు కొట్టే మనిషి తల దువ్వుకొస్తానని ఇంటికెళ్ళి అరగంటకు గానీ రాలేదు. "మీ పని మీరు చేసుకోండి, నావైపు చూడొద్దు," అని ఆ పిల్ల అందరికీ చెప్పిచూసింది. అలాగేనమ్మా అని రెండు చేపలు తిరగేసి, మూడో చేప దగ్గర అందరూ తలెత్తి కెమెరాలోకి చూసి నవ్వేవాళ్ళు. చివరికి పెళ్ళిలో లాగా వరసగా నిలబెట్టి ఒక్కొక్కరినీ తీసింది. తీసినవాళ్ళ పేర్లు కాగితం మీద రాసుకుంది. నలభై ఒక్క మంది. ఎవరినీ వదలలేదు, వదలగలిగే పిల్ల కాదు.

అంతా అయ్యాక నాకొక ఆలోచన వచ్చింది. ఇంత మంచి వీడియోకి ముందుమాట లేకపోతే ఎలా? ఎవరూ అడగలేదు. అయినా జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకుని, పడవలకు వీపు పెట్టి నిలబడి, కుడిచెయ్యి కాస్త పైకెత్తి, "తీరప్రాంత ప్రజల జీవన విధానంలో మత్స్య సంపదకు ఎంతో ప్రాముఖ్యత కలదు" అని మొదలుపెట్టి ఇంకో వాక్యం కూడా చెప్పాను. పద్నాలుగు సెకన్లు. బాగా వచ్చిందని నేనే అన్నాను.

ఆమె తండ్రి ఆ రోజు వేటలో ఉన్నాడు. నాలుగు రోజుల తర్వాత, ఆయన ఇంటి ముందు వల బాగుచేసుకుంటుంటే చెప్పకుండా తీసిందట. నాకు చూపించింది. ఆయన తలవంచుకుని దారం ముడి వేస్తుంటాడు, పంటితో తెంపుతాడు, ఇంకో ముడి వేస్తాడు. ఆఖర్న తలెత్తి, ఎదురుగా కెమెరాతో కూతురు కనపడేసరికి నవ్వేస్తాడు. పన్నెండు సెకన్లు. అంతకు ముందు నేను చూసిన మనిషి ఈయనేనా అనిపించింది. మా ఏడుగురూ కలిసి తీసిన దాంట్లో అంత మంచి ముక్క మరొకటి లేదని కెమెరా పట్టుకోవడం రాని నాకే తెలిసింది.

వీడియో కోసి అతకడం కంప్యూటర్ల గదిలో. ఆ గదికి మా బడిలో గర్భగుడికున్నంత మర్యాద ఉంది. చెప్పులు బయట విడవాలి, ప్రతి కంప్యూటరు మీదా పాత చీరతో కుట్టిన ముసుగు ఉంటుంది, ముసుగు తీసేటప్పుడు కంప్యూటర్ టీచరమ్మ పక్కనుండాలి. ఆమెదీ తెనాలే, రోజూ ఒకే రైలు కాబట్టి నా మీద దయతలచి ఒక మిషను మాకిచ్చింది. ఆమె దగ్గర చేరినవాళ్ళు అప్పటికి నెలల తరబడి తెర మీద ఒక ఇల్లు, పక్కన కొబ్బరిచెట్టు గీస్తున్నారు. మా మిషనులో తమ ఊరివాళ్ళ మొహాలు కదులుతుంటే కొబ్బరిచెట్లు వదిలేసి మా వెనక మూగారు. టీచరమ్మ మొదట్లో వాళ్ళను కసిరింది, తర్వాత తనే కుర్చీ లాక్కుని కూర్చుంది. సాయంత్రం నాలుగున్నరకు బడిలోని ప్లగ్గులన్నీ పీకేయడం మా అటెండరు అలవాటు. రెండుసార్లు మా పనంతా అలా గాల్లో కలిసిపోయింది. మూడోరోజు నుంచి ఆ ఆరుగురు పిల్లలూ వంతులవారీగా ప్లగ్గు దగ్గర కాపలా కూర్చున్నారు. మీడియాలో వాళ్ళు శ్రద్ధగా చేసిన మొదటి పని అదే.

మొత్తం అతికితే యాభై రెండు నిమిషాలొచ్చింది. ఈ సంగతి ఊళ్ళోకి పాకింది. ఐదు నిమిషాలకు కుదిస్తారట అని తెలియగానే బడికి మనుషులు రావడం మొదలైంది. పట్టుచీర పెద్దావిడ వచ్చి, తనను తీసేస్తే మనవణ్ణి బడి మాన్పిస్తానంది. ఐసు ఆయన బెదిరించలేదు గానీ గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. అది ఇంకా కష్టంగా ఉంది. "అవసరం లేనిది తీసేయడమే ఎడిటింగ్" అని బోర్డు మీద రాయించిన నేను, వచ్చినవాళ్ళందరికీ మీరు తప్పకుండా ఉంటారని మాటిచ్చి పంపాను.

ఆ పిల్ల మాత్రం కంగారుపడలేదు. ఒక సాయంత్రం పిలిచి చూపించింది. నలభై ఒక్క మందినీ తలా ఒక్క సెకను చొప్పున వరసగా పేర్చింది. మొహం తర్వాత మొహం, ప్రతివాళ్ళూ కెమెరాలోకి చూసి నవ్వేవాళ్ళే, చివరి మొహం అవగానే పడవ రేవుకు తగులుతుంది. ఎక్కడ నేర్చుకుందో నాకు తెలియదు. బాపట్లలో అయితే చెప్పలేదు. టీచరమ్మ చప్పట్లు కొట్టింది.

ఇంకా కోసి కోసి, పరీక్ష ముందురోజు మధ్యాహ్నానికి ఐదు నిమిషాల పన్నెండు సెకన్లకు తెచ్చింది. ఆ పన్నెండు సెకన్లు ఎక్కడా తగ్గట్లేదు.

"మా నాన్నని తీసేస్తా సార్," అంది.

"పిచ్చిపిల్లా, రేపు చూసి తేల్చేది ఆయనే కదే. ఎవర్ని తీసినా ఆయన్ని తియ్యకూడదు. కావాలంటే ఆయనకీ ఒక సెకను పెట్టు."

"ఒక్క సెకనైతే ఊరికే నవ్వుతున్నట్టు ఉంటది సార్. ముందు పనంతా చూస్తేనే ఆ నవ్వు బాగుంటది. పెడితే మొత్తం పెట్టాలి."

"మరి ఇంకెవర్నయినా తియ్యి."

"వేరేవాళ్ళని తీస్తే అలుగుతారు సార్. మా నాన్నయితే..." అని ఆగి నావైపు చూసింది.

నా పద్నాలుగు సెకన్లు తెర మీద మొదట్లోనే ఉన్నాయి, చెయ్యెత్తి ఆగిపోయిన నా బొమ్మతో సహా. ఆమె చెయ్యి మౌసు మీదే ఉంది. టీచరమ్మ కూడా నావైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను. ఆ గదిలో ఫ్యాను బాగా తిరుగుతోందని, మొన్ననే నూనె వేసినట్టున్నారని కూడా అన్నాను. ఆమె తండ్రిని తీసేసింది.

మర్నాడు కంప్యూటర్ల గదిలో గోడకు దుప్పటి కట్టి వీడియో వేశాం. గది బయట చెప్పుల గుట్ట. రేవు నుంచి వచ్చినవాళ్ళు కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని మరీ లోపలికొచ్చారు. ఆ తండ్రి ఆ పూట బోటు ఎక్కడం మానేసి, అదే ఇస్త్రీ చొక్కాతో వచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బాపట్ల నుంచి వచ్చిన ఆఫీసరమ్మ ఫోన్లో గడియారం పెట్టుకుని ముందు కూర్చుంది.

ముందుగా నేను వచ్చాను. నా పద్నాలుగు సెకన్లలో జనం సర్దుకుని కూర్చున్నారు, ఒకాయన మంచినీళ్ళు తాగాడు. ఆ తర్వాత మొహాలు మొదలయ్యాయి. ఎవరి మొహం పడితే వాళ్ళవైపు గదంతా తిరిగి చూసింది. పట్టుచీర పెద్దావిడ తన సెకను రాగానే పక్కావిడ భుజం పట్టుకుంది. పాట పాడే ఆయన తన మొహాన్ని చూసి తానే దణ్ణం పెట్టాడు. అయిపోగానే మళ్ళీ వెయ్యమన్నారు, మళ్ళీ వేశాం. మూడోసారి కూడా వేశాం. మూడుసార్లూ ఆ తండ్రి కళ్ళార్పకుండా చూశాడు. తనెక్కడ వస్తాడా అని వెతుకుతున్నాడని నాకు తెలుసు. నాకు ఆ వైపు చూడడానికి మొహం చెల్లలేదు.

ఆఫీసరమ్మ ఆ పిల్లను లేపింది. "సరిగ్గా ఐదు నిమిషాలుంది. ఇంతమందిని ఎలా పట్టించావమ్మా? ఏమేం తీసేశావు?"

"చాలా తీశానండి. ఆఖర్న మా నాన్నని తీసేశానండి."

గదంతా వెనక గోడ వైపు తిరిగింది.

"ఎందుకు?"

"పన్నెండు సెకన్లు ఎక్కువొచ్చిందండి. బయటోళ్ళని తీస్తే బాధపడతారండి."

"మీ నాన్న బాధపడరా?"

ఆ పిల్ల తలొంచుకుని రిబ్బను కొస మెలితిప్పుతోంది. అప్పుడు వెనక గోడ దగ్గర్నుంచి ఆయన గొంతు వినిపించింది.

"బాధేంటండి. బోటు ఒడ్డుకొచ్చాక బోటోళ్ళందరికీ ఇంటికి కూర చేపలు పంచేది నేనే. అందరికీ ఇచ్చి నేను ఆఖర్న తీసుకుంటానండి. ఒక్కోరోజు నాకు మిగలవు. మా అమ్మాయి చిన్నప్పట్నించి చూస్తానే ఉంది." కాస్త ఆగి, "నేను ఇంటిమనిషినండి. నన్ను తీసినా ఏం కాదు," అన్నాడు.

నాకు కళ్ళు తడిశాయి. సిగ్గు కూడా వేసింది, రెండోదే ఎక్కువ. ఆ పిల్ల ఏడుస్తూ నవ్వింది. ఆఫీసరమ్మ మార్కుల కాగితం మీద ఏదో రాసుకుని, మొదట్లో వచ్చే ముందుమాట మాత్రం అంత అవసరం లేదేమో చూడమని నెమ్మదిగా చెప్పింది. ఆ ముందుమాట మనిషి పక్కనే ఉన్నాడని ఆవిడ గుర్తుపట్టినట్టు లేదు.

బయట చెప్పులు వెతుక్కుంటూ ఆ తండ్రి నా దగ్గరికొచ్చాడు. "పదిలో కూడా ఇందులోనే ఉంచండి మేష్టారూ. నలభై మందిని గొడవ లేకుండా సర్దిందంటే పనికొచ్చే చదువే." వెళ్ళబోతూ, "మీరు బాగా పడ్డారండి," అన్నాడు. ఆయన మనసులో ఏ ఎత్తిపొడుపూ లేదు. అందుకే ఆ మాట నాకు తెనాలి చేరేదాకా గుచ్చుకుంటూనే ఉంది.

వేసవి సెలవులై బడి తెరిచిన వారానికి, రేపల్లె స్టేషను దగ్గర నేనెక్కిన ఆటో ఆయన తన ఫోను నా చేతికిచ్చాడు. "మా ఊరి వీడియో చూశారా మేష్టారూ? అందరి ఫోన్లలో ఉంది. ఇదిగో, మా అత్త వచ్చిద్ది చూడండి." నేను చూశానని చెప్పలేదు. నా పద్నాలుగు సెకన్లు వస్తాయి కదా, చూసి ఆయనే గుర్తుపడతాడులే అనుకున్నాను.

వీడియో మొదలైంది. నేను రాలేదు. నేనుండాల్సిన చోట ఒక మనిషి తలవంచుకుని వల ముడి వేస్తున్నాడు. దారం పంటితో తెంపి, ఇంకో ముడి వేసి, తలెత్తి నవ్వాడు. తర్వాత నలభై ఒక్క మొహాలు. పడవ, వేలం పాట, ఎండు చేపలు. అయిపోయింది. నేను వెనక్కి జరిపి మళ్ళీ చూశాను. నా మోచెయ్యి కూడా లేదు.

నిజం చెప్పాలంటే నాకు కోపం వచ్చింది. మేనత్తలను, పట్టుచీరలను చూసి నవ్విన పెద్దమనిషిని ఆ ఆటోలో అరగంట సేపు మూతి ముడుచుకుని కూర్చున్నాను. బడికెళ్ళి, హాజరు తీసుకుని, పదో తరగతిలోకి వచ్చిన ఆ పిల్లను లేపాను.

"ఏమే, ఊళ్ళో తిరిగే వీడియోలో నన్ను తీసేశావంట."

"అవును సార్."

"ఊళ్ళోవాళ్ళకి ఐదు నిమిషాల రూలేం లేదు కదా. ఇద్దరం పట్టేవాళ్ళం."

"ఐదుకే బాగుంది సార్. ఇంకా పెడితే సాగిద్ది. అవసరం లేనిది తీసెయ్యమని మీరే బోర్డు మీద రాయించారు కదా." ఆ మాటకు నా మొహం చూసిందేమో, గొంతు తగ్గించింది. "వేరేవాళ్ళని తీస్తే అలుగుతారు సార్. మీరు మనోళ్ళే కదా, ఏమనుకోరని."

నేను కూర్చోమన్నాను. కాసేపు పుస్తకం తిరగేసినట్టు నటించాను. ఏ పేజీ తీశానో గుర్తులేదు.

మర్నాడు పొద్దున్న రైలు వేమూరు దాటాక గ్రూపులో పువ్వు బొమ్మకు బదులు ఆ వీడియో పెట్టాను. భట్టిప్రోలు రాకముందే హెచ్చెమ్ మేడమ్ అడిగింది, "మాస్టారూ, ఇందులో మీరు లేరేంటండి?" అని.

"నేను వాళ్ళింటిమనిషినండి," అని రాశాను.